అడ్డగాడిద పందెం

రివర్టన్‌లో కర్లింగ్ రింకు వెనక గది.
బయట మైనస్ ముప్ఫై.
హీటరు మీద ఆరేసిన నాలుగు జతల చేతితొడుగులు
తడి ఉన్ని వాసనేస్తూ మా ఆట చూస్తున్నాయి.

నేను చేపలు కొనేవాణ్ణి.
విన్నిపెగ్ సరస్సు గడ్డకట్టిన మూడో వారం
పికెరెల్ ధర ఇంత అని నేనంటే
అదే ధర.
పేకలోనూ అంతే.
నేను పెంచుతాను, వాళ్లు బల్ల తడతారు
రెండు వేళ్లతో, టక్ టక్,
నా గుమ్మం ముందు నిలబడి
లోపలికి రావచ్చా అన్నట్టు.

రూలేం కాదు. ఎక్కడా రాసి లేదు.
ముందు పెంచినవాడి మొహంకేసి చూడటం
ఎదురుగాలికి తల దించుకోవడం లాంటిది,
ఎవరూ నేర్పరు.

ఆ రాత్రి బటన్ నా దగ్గర.
ఆసూ రాజూ, రెండూ ఆఠీన్లే,
వలిచిన దానిమ్మంత ఎర్రగా.
నాలుగు డాలర్లన్నాను.
నార్బర్ట్ ముక్కలు పారేసి
వినార్తెర్తా కేకు ఇంకో పొర ఊడదీసుకున్నాడు.
వాల్డీన్ మాత్రం, ఏమీ అనకుండా,
తన డాలరుకి మూడు కలిపింది.

ఓరెస్ట్ మూడు ముక్కలు పరిచాడు.
ఏడు. ఆరు. నాలుగు.
రెండు ఇస్పేట్లు, ఒక కళావరు.
చిల్లరమూక.
నా రాజుకి ఆ వీధిలో చుట్టమనేవాడే లేడు.

ఫర్వాలేదు. ఆమె తడుతుంది.
తట్టాక నేను ఐదు పెడతాను, ఆమె లేచిపోతుంది.
ఇరవై శీతాకాలాల అలవాటు.
నా చెయ్యి అప్పటికే నాణేల మీదికి వెళ్లింది.

తట్టలేదు.

వాల్డీన్ చెయ్యి చూడాలి మీరు.
మంచు తొలిచే బర్మా తీసుకుపోయింది
చూపుడువేలు చివరి కణుపు.
ఆ సగం వేలితో మూడు లూనీలు,
మూడంటే మూడే,
ఒకదాని వెనక ఒకటి గీత దాటించింది
బడిపిల్లల్ని రోడ్డు దాటించినట్టు.

"గాడిద పందెం!" ఓరెస్ట్ పగలబడి నవ్వాడు.
ఆట తెలిసినవాళ్లు అలాగే అంటారు దాన్ని.
వెనకున్నవాడి బలమెంతో తెలీకుండా
చీకట్లో ముందు కాలేసేది గాడిదేనని.
కావచ్చు.
నాకు కనబడింది మాత్రం అడ్డగాడిద,
దారి మధ్య నిలబడి
హారన్ కొట్టినా చెవి కూడా కదపనిది.

ఇరవై పెట్టి ఉంటే భయమనుకునేవాణ్ణి,
భయాన్ని కొనడం నా వృత్తి.
మూడు.
మధ్యలో పదకొండున్నర ఉంటే మూడుకి చూడనివాడు
లెక్క రానివాడు.
నాకు లెక్కలొచ్చు. అందరి బాకీలూ నా పుస్తకంలోనే ఉన్నాయి.
ఆ మూడూ ఎక్కడినుంచి వచ్చాయన్నదే
ఎంతకీ తేలడం లేదు.
ఐదు ఉందా? జత ఐదులా?
ఏమీ లేదా?
ఏమీ లేనివాళ్లు అంత తక్కువ అడుగుతారా?

ఆమె నావైపు చూడలేదు, ముక్కలవైపూ చూడలేదు.
లేచి వెళ్లి, హీటరు మీద తన తొడుగులు తిరగేసింది
రెండో వైపు ఆరాలని.

పారేశాను.
ఆసూ రాజూ బోర్లా పడ్డాయి.
ఆమె కూడా తనవి బోర్లానే తోసింది.
ఓరెస్ట్ రెంటినీ కట్టలో కలిపేశాడు,
ఇక దేవుడొచ్చినా విడదీయలేడు.

పొద్దున్నే సరస్సు మీద
బొంబార్డియర్ ఇంజన్ ఆపకుండానే దిగాను.
తొట్లలో చేపలు
తోక ఆడిస్తూ ఆడిస్తూనే బిగుసుకుపోతున్నాయి.
నోరు తెరిచాను.
నా నోట్లోంచి ఇంకా ఆవిరే వచ్చింది, మాట రాలేదు,
"నాలుగుంపావు" అంది వాల్డీన్.

నార్బర్ట్ పార దించాడు.
అవతలి గుడారం దగ్గర ఇంకెవరో
పని ఆపి ఇటు తిరిగారు.

ఇంజన్ కొట్టుకుంటూనే ఉంది.
"రాత్రి నీ దగ్గర ఏముంది?" అన్నాను.

"కిలోకి" అంది.