రూపాయి ఎడం

కావలి మార్కెట్టు గేటు దగ్గర
తెల్లారి అయిదింటికి నా పని.
ఒక చేతిలో ఆశీలు పుస్తకం,
చెవి మీద రీఫిల్లు,
నోట్లో సగం చల్లారిన టీ.
గంపకు పది. తోపుడు బండికి ఇరవై.
గంపలో ఏముందో పుస్తకం అడగదు.
బెండకాయలైనా పదే, బంగారమైనా పదే.
బంగారం గంపలో రాదనుకోండి.

ఏకొల్లు అంకమ్మ తుమ్మలపెంట నుంచి
షేర్ ఆటోలో వస్తుంది.
తట్టలో మండపీతలు,
తడి గోనె కింద బుడగలు కక్కుతా.
రాత్రంతా కాలవ బురదలో
మొగుడు చెయ్యి పెట్టి తీసినవి.
ఆయనకి రెండు చేతులకీ కలిపి ఎనిమిది వేళ్లే.

నన్ను చూడగానే కొంగుముడి విప్పుతుంది.
నేను అడగను. ఆమె ఇస్తుంది. చింపుతాను.
నాలుగేళ్లుగా
ఆ పర్రుమనే చప్పుడొక్కటే మా ఇద్దరి మధ్యా మాట.

పదో తరగతిలో లెక్కల్లో తప్పినోణ్ణి.
నూటికి ఇంత అనేది నాకు బుర్రకెక్కలేదు.
అయివారు బెత్తంతో చెప్పలేనిది
ఈ గేటు చెప్పింది.

మొన్న వాన. జనం లేరు.
అరుగు మీద ఇద్దరమే.
"ఎంతొస్తాదమ్మా రోజుకి?" అన్నా.
"రెండొందలు. పీతలు చస్తే నూరు.
ఆటోకి నలభై. డీజిలు పెరిగిందంటాడు,
అందులో సర్కారుది ఎంతో వాడికీ తెలీదు.
సబ్బు, తలనొప్పి బిళ్లలు, పాపకి బిస్కెట్టు పొట్లం.
నువ్వు పది."
నువ్వు పది అంది.
నా పేరు ఆమెకి పదే.

చీటీ వెనక రాసి చూశా.
రెండొందల్లో పది, నూటికి అయిదు.
చచ్చిన పీతల రోజు, నూటికి పది.
సబ్బులో కరిగిందీ, బిళ్లతో మింగిందీ,
ఆటో పొగలో పోయిందీ కలుపుదామంటే
చీటీ చాల్లా.

ట్రంకు రోడ్డు మీద మాలకొండయ్య ఏసీ చేపల కొట్టు.
అద్దం వెనక మంచు మీద ఇవే పీతలు,
డెక్కలకి రంగు రంగుల రబ్బరు బ్యాండ్లు.
రోజుకి నలభై వేల బేరం.
గేటు దాటి రాడు గనక నా పుస్తకంలో లేడు.
లైసెన్సు ఫీజని ఏడాదికోసారి కడతాడు,
నాలుగు వేల పదిహేను.
రోజులకి పంచా. పదకొండు రూపాయలొచ్చింది.
తప్పేమోనని మళ్లీ పంచా.
పదకొండే.

గట్టిగా చదివి వినిపించా.
అంకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.
"పదకొండా! అబ్బో.
అయితే ఆయనకీ నాకూ రూపాయే ఎడం"
అని నవ్వింది,
దగ్గొచ్చి కళ్లలో నీళ్లు తిరిగిందాకా.

నాకు నవ్వు రాలేదు.
వేలంలో మార్కెట్టు పాడుకున్న కాంట్రాక్టరు
పొద్దుగూకాక పుస్తకంలో మిగిలిన మొదళ్లు లెక్కేస్తాడు.
ప్రతి మొదలుకీ ఒక నోటు చూపించాలి.
తక్కువైతే నా మూడొందల్లో కోత.
పది రూపాయలు ఎవరికైనా పది రూపాయలే
అంటారు ఆఫీసులో.
కాదని చెప్పడానికి
నా దగ్గర పది పాసైన కాయితం లేదు.

ఇయ్యాళ పొద్దున మామూలుగానే వచ్చింది.
కొంగుముడి విప్పింది. చింపబోయా.
గోనె కింద నుంచి కట్టు వదిలిన డెక్క ఒకటి లేచి
పుస్తకం మూల పట్టుకుంది.
లాగితే చిరిగేట్టుంది. అది వదల్దు.
"అదేమన్నా కట్టాల్నేమో అడుగు" అంది అంకమ్మ,
నవ్వకుండా.
వెనక టమాటా ఆటో హారను మీద హారను.
నేనట్లాగే వంగి నిలబడుండా,
పుస్తకం ఒక కొస నా చేతిలో.