వోల్టేజి వచ్చేదాకా

ముందు వాసన చూస్తాను.
మూత ఎత్తగానే పులిసిన తరవాణి కంపు కొడితే
టేపు చచ్చినట్టే, పెట్టె సంగతి తరవాత.
మలికిపురంలో యర్రంశెట్టి మాణిక్యాంబగారి పాత మైకుసెట్టు కొట్లో
మూత ఎత్తితే కొబ్బరిపీచు వాసన,
రెండు బల్లిగుడ్లు,
ఎవరో దాచుకుని మరిచిపోయిన ఐదుపైసల బిళ్ల.

"నీళ్లు తాకాయాండి?" అన్నాను.
ఆవిడ మాట్లాడలేదు.
గోడ మీద ఎనభై ఆరు వరద గీత దగ్గర వేలు పెట్టి
అలాగే పైకి జరుపుకుంటూ పోయి
అటక దగ్గర ఆపింది.

ఇరవై రెండు కేజీల జర్మనీ మిషను.
స్క్రూల తలలు ఉప్పుగాలి కొరికేసింది.
అంకెలు తిప్పే సన్న బెల్టు తాటిబెల్లం పాకమైపోయి
లెక్క మూడు సున్నాల దగ్గరే ఆగిపోయింది.
అదేమంత జబ్బు కాదు, కొత్తది నా సంచిలోనే ఉంది.
ఆ మాట బేరం తెగాక.

హెడ్డు మీద బొటనవేలి గోరు ఆనించి
నెమ్మదిగా కిందికి లాగాను.
నడిచి నడిచి చేలగట్టు మీద కాలిబాట పడ్డట్టు
టేపు ఒరిసినచోట గాడి పడుతుంది.
గోరు తట్టుకుంది. కొంచెం.
కొంచెమే అయినా మొహం చిట్లించాను.
ఇరవై ఏళ్లుగా కొంటున్నవాణ్ణి,
నా మొహం కూడా పనిముట్టే.

"ఎనిమిది వేలు" అంది.
"పాడించి చూద్దామండి."

మామూలుగా నా దగ్గరో చిన్న చుట్ట ఉంటుంది,
శ్రుతిపెట్టె మోత, అయిదు నిమిషాలు, ఇంకేం లేదు.
మోత నిలబడితే మోటారు నిలబడినట్టు.
ఆవేళ దాన్ని నరసాపురం లాడ్జిలో వదిలేసి వచ్చాను.
ఆవిడే అటక మీంచి ఒకటి దింపింది.
అట్ట మీద పేరు లేదు, సున్నం వేలిముద్ర ఉంది.

స్పీకర్లో ముందు కాకులు,
తరవాత కాయ మీద కాయ పడుతున్న చప్పుడు,
తరవాత ఒక మగ గొంతు, నూతిలోంచి:
లా...భం.
రెం...డు.
మూ...డు.

"కాయ లెక్కెట్టే నూకరాజండి.
మిషను కొత్తగా వచ్చినప్పుడు ఏం పట్టాలో తెలీక
ఎదురుగా కొబ్బరిరాశి దగ్గర మైకు పెట్టాం.
కానీ ఈడు కాడు.
నూకరాజుది పీక పట్టుకున్న కోడిపెట్ట గొంతు.
ఈడెవడో జమీందార్లా ఉన్నాడు."

లోపల గంతేశాను. పైకి నిట్టూర్చాను.
"స్పీడు పడిపోయిందండి. మోటారు నీరసం. నాలుగు వేలు."

ఆవిడ గడియారం చూసింది.
"చెరువుల మీద ఏరియేటర్లు తిరుగుతున్నాయి,
ఊళ్లో కరెంటంతా రొయ్యలే తాగేస్తన్నాయి.
తొమ్మిదింటికి ఆపుతారు. టీ తాగండి."

తొమ్మిదీ పదికి
కొట్లో బల్బు పసుపు వదిలి తెల్లబడింది.
టేపు మళ్లీ మొదటికి చుట్టి పెట్టాను.
లాభం. రెండు. మూడు.
గొంతు సన్నం. ఇంకా సన్నం.
పదకొండు దగ్గర ఎవడో ఒకడు,
పదమూడు దగ్గరికి వచ్చేసరికి
"ఆయ్, ఈడేనండి!" అని ఆవిడ బల్ల చరిచింది.
"ఆ పక్కన దగ్గేది లారీ డ్రైవరు.
ఇప్పుడు చెప్పండి. తొమ్మిది వేలు."

నా సంచిలో ఏ మీటరూ
స్పీడుని అంత కచ్చితంగా చూపించలేదు.
ఎనిమిదిన్నరకి తెగింది.
బెల్టు సంగతి నేను చెప్పనేలేదు.
నూకరాజు ఏమయ్యాడో ఆవిడా చెప్పలేదు.
చుట్ట మాత్రం పెట్టెలోనే ఉంచేసింది,
"మా దగ్గరుంటే ఎలకల పాలు" అని.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కిస్తుంటే
సామాను టిక్కెట్టు కుర్రాడు పెట్టెని కాలితో తోసి చూశాడు.
"ఏటండి ఇందులో, ఇనుమా?"
"కొబ్బరికాయలు."
"ఎన్నేటి?"
టేపు ముప్పై ఏడు దగ్గర అయిపోయింది,
కాయలు పడుతూనే ఉన్నాయి.
"ముప్పై ఏడు దాకా తెలుసు" అన్నాను.
వాడు నన్నోసారి చూసి, ఒక మనిషికీ ఒక మూటకీ చింపాడు.

వశిష్ఠ పాయ నడిమధ్యలో
పంటు ఇంజను మోత ఒక్క క్షణం కుంగి
మళ్లీ అందుకుంది.
గట్టున ఎవరూ వినుండరు.