మీ దేశంలో దొరకదు

కోరుట్ల బస్టాండు ఎనుక, కుట్టుమిషను దుకాణానికి ఆనుకొని
ఆరడుగుల వెడల్పు నా షాపు.
నిర్మల్ దాటి ఎన్నడు పోలేదు నేను.
ఈ నెలల పదకొండు ఫోన్ల దేశాలు మార్చిన.
నాలుగు దుబాయి, ఆరు మస్కట్,
ఒకటి ఐస్‌లాండ్: పిల్లగాడు ఆడుకుంట నొక్కిండట.

రాజలింగం పన్నెండో మనిషి.
కౌంటరు మీద ఫోను బోర్ల వెట్టి
పంచాయతీల తప్పు జేసినోని తీరు నిలవడ్డడు.
"పసుపు రేట్లు సూపెట్టే ఆప్ గావాలె బిడ్డా.
నలభై బస్తాలున్నయి.
మెట్‌పల్లిల ఒక మాట, నిజామాబాద్‌ల ఒక మాట.
ఇదేమో ఎన్నిసార్లు నొక్కినా ఒక్కటే మాట."

సూసిన. నిజమే.
*ఈ ఆప్ మీ దేశంలో దొరకదు.*
రోడ్డవతల పసుపు బస్తాల ఆటో ఆగి ఉన్నది,
వాసన షాపుల దాంక వస్తున్నది,
దొరకదట.

సెట్టింగుల లోపటికి పోయిన. పేరు కింద కువైట్.
ఆయనొచ్చి ఏడాదిన్నరైంది.
పాస్‌పోర్టు మీద ముద్ర వడ్డది,
రేషన్ కార్డుల మళ్ల పేరెక్కింది,
ఫోనుకే ఎవ్వలు చెప్పలే.

చిరునామా అడిగింది.
పాతది గడగడ చదివిండు:
జలీబ్, బ్లాకు నాలుగు, గల్లీ ఇరవై,
రెండో మంజిల్, మెట్ల పక్క రూము.
"ఇక్కడిది చెప్పు కాకా" అంటే ఆగిండు.
కొత్త పంచాయతీ అయినంక ఇంటి నంబరు మారిందట.
ఇంటికి ఫోన్ జేసిండు. లసుమక్క బీడీల చాట పక్కకు వెట్టి
గోడ దాంక పోయి చదివింది.
నడుమ ఒక అంకె సున్నం కిందికి పోయిందన్నది.

షరతులొచ్చినయి, గజం పొడుగు.
అందరు కిందికి గుంజి ఒప్పుకుంటరు.
ఈయన "సదువు" అన్నడు.
"సదవకుంట సంతకం వెట్టి ఒకపారి ఎడారిల వడ్డ."

సదివిన.
మూడు వందల నలభై ఫిల్సులు మిగిలినయి.
అవి ఇటు రావు. అక్కడనే ఉంటయి.
"ఏం కొన్నవు కాకా?"
పండ్లు కనవడకుంట నవ్విండు.
ఫోటోకు కోటు తొడిగే ఆప్.
కింది మంచం నేపాలాయన, తమాంగ్,
కార్డు గీకి కొనిచ్చిండట.
సిమెంటు అంగీ మీద నీలం కోటు, ఎనుక పూలతోట.
ఆ ఫోటో ఇంట్ల గోడకున్నది.
పెండ్లిళ్లల్ల ఇప్పటికీ అడుగుతరట,
కోటేది లింగన్నా అని.

ఇంకొకటి సదివిన:
ఒక్కసారి మారిస్తె ఏడాది దాంక మళ్ల మార్చరాదు.
కుర్చీ గుంజుకొని కూసున్నడు.
పక్క మిషను ఒక చీర అంచు కుట్టేంత సేపు
ఏమనలే.
ఏజెంటుకు మళ్ల పాస్‌పోర్టు ఇచ్చిండా, నేనడగలే.
అడిగితే నా యాభై రూపాయలు పోతయి.
అదీ అనుకున్న, అబద్ధమెందుకు.

"ఇగ నొక్కు" అన్న.
బొటనవేలు వెట్టిండు. తీసుకోలే.
అంగీకి తుడిచి వెట్టిండు. తీసుకోలే.
పదకొండేండ్లు ఇనుప సలాకలు వంచి
కాయకాసిన ఏలును
అద్దం మనిషి ఏలనుకోలే.
ఆఖరికి నా ఏలుతోటి
నేనే ఆయన దేశం మార్చిన.

"పూర్తిగ మారనీకి రెండు దినాలు పడుతదట కాకా."
"అప్పటిదాంక నేనేడున్నట్టు?"
జవాబు తెల్వక
యాభై రూపాయలు దీసుకున్న.

ఫోను ఇచ్చేటప్పుడు కండ్లవడ్డది:
గోడ గడియారంల ఏడున్నర, ఫోనుల అయిదు.
"అయ్యో, టైము గూడ మారుస్త, ఆగు."
చెయ్యి అడ్డం వెట్టిండు.
"అది ఉండనియ్యి బిడ్డా.
ఇప్పుడే కంపెనీ బస్సు దిగుతుంటరు."