యాభై మిల్లీలీటర్లు

రాత్రి రెండు. జనరేటర్ ఆగిపోయింది.
తలకు కట్టుకున్న లైటు వెలుగులో
గ్లాసు మీద గీత వెతుకుతాను.
యాభై. అంతకు చుక్క ఎక్కువ కాదు.

జఫీసువా నా చేతినే చూస్తోంది.
అంబువుంబే దాకా రెండు రోజులు నడిచొచ్చింది
కొడుకును వీపున కట్టుకుని.
మొదటి రోజు కంచెల మీద నాగజెముడు పళ్ళు దొరికాయట,
రెండో రోజు ముళ్ళే.
"కుండెడు పాలు కలిపావు కదా,
నా బిడ్డకేనా పొయ్యడానికి నీకు చెయ్యి రాంది?"

వచ్చిన పూట
రెమీజా పాదం మీద బొటనవేలు ఆనించి
మూడు అంకెలు లెక్కపెట్టాను.
వేలు తీశాక గుంట అక్కడే ఉండిపోయింది
తడి ఇసుకలో మేక గిట్ట దిగినట్టు.
"కాళ్ళకు కండ పట్టిందనుకున్నాం," అందామె.
కండ కాదమ్మా, నీరు.
ఆకలి ఒక్కోసారి బిడ్డను బొద్దుగా చూపించి
కన్నదాన్ని కూడా మోసం చేస్తుంది.

వీడు ఏడవడు. అదీ నా భయం.
ఈ వార్డులో గోల చేసేవాళ్ళ గురించి నాకు దిగుల్లేదు,
గొంతు పెగలని వాళ్ళ మంచం పక్కనే నా స్టూలు.
అడగందే అమ్మయినా పెట్టదంటారు.
అడిగే ఓపిక అయిపోయిన వాళ్ళ కోసమే
ఆ గోడ గడియారం.
రెండు, నాలుగు, ఆరు, మళ్ళీ ఎనిమిది.

ముక్కు గొట్టానికి సిరంజి తగిలించి
లోపలి పిడి తీసేస్తాను.
పాలను తొయ్యకూడదు, వాటంతట అవే దిగాలి.
నా మోచెయ్యి పైకి లేస్తే వేగం, కిందికి వాలితే ఆగిపోవడం.
ఇరవై నిమిషాలు ఈ చెయ్యి కదలదు.
నర్సింగు బడిలో దీనికి ఒకే ఒక్క వాక్యం చెప్పారు.

"వాడి ఒళ్ళు చల్లబడుతోంది, నీ గుడ్డలోకి లాక్కో,
చర్మానికి చర్మం తగలనీ" అన్నాను.
మందుల చీటీలో కూడా అదే రాశాను:
అమ్మ రొమ్ము, రాత్రంతా.

ఆమెకు చెప్పని సంగతి ఒకటుంది.
ఉద్యోగంలో చేరిన ఏడు, త్సిహూంబేలో,
హౌవా అని నాలుగేళ్ళ పిల్ల.
గిన్నె ఖాళీ చేసి కళ్ళతో మళ్ళీ అడిగింది.
పోశాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ పోశాను.
పెట్టిన చేతిని ఎవరు తప్పుపడతారు?
మూతి తుడుచుకుని నావైపు చూసి నవ్వింది కూడా.
తెల్లారేసరికి గుండె ఆగింది.
ఎండిన ఏటికి ఒక్కసారే నీళ్ళొదిలితే గట్లు తెగుతాయని
ఊళ్ళో మేకలు కాసేవాడికి తెలుసు.
తెల్ల కోటు వేసుకున్న నాకు తెలీలేదు.
అప్పట్నుంచి నా జాలికి కూడా
ఈ గ్లాసు మీదున్నట్టే గీతలున్నాయి.

ఐదో రోజు తూకం.
ఆరు కిలోల రెండొందలు ఉన్నవాడు
ఐదు కిలోల నాలుగొందలకు దిగాడు.
జఫీసువా గుండెలు బాదుకుంది.
నేనేమో పళ్ళికిలిస్తున్నాను, సిగ్గులేనిదానిలా.
ఎలా చెప్పను?
పోయిందంతా నీరు, తల్లీ.
ఇప్పుడు బల్ల మీద మిగిలినవాడే నీ కొడుకు.
పక్కటెముకలు, పొలుసులు లేచిన కాళ్ళు,
ఎర్రబారిన నాలుగు వెంట్రుకలు,
అంతా వాడే.

ఏడో రాత్రి నాలుగింటికి
గొట్టం తనే పీకేసి, ఇల్లెక్కి అరిచినట్టు ఏడ్చాడు.
వార్డంతా లేచి తిట్టుకుంది.
అవతలి మంచం మీది ముసలామె మాత్రం
"అరవనీ, అరవనీ" అంది.

మళ్ళీ గ్లాసు నింపాను, ఈసారి కప్పుతో పట్టడానికి.
నా వెనకాల జఫీసువా మోకాళ్ళ మీద వంగి
కళ్ళు చికిలించి గీతను చూసింది.
చదువు లేదు, అంకె రాదు.
"ఇంకో చుక్క తక్కువుంది" అంది.

తక్కువే ఉంది.
పోశాను.