రెండో బ్రేకు

దొనకొండ పాత ఏరోడ్రోము.
విమానాలు దిగడం మానేసినాక గొర్రెలు మేసిన నేల.
ఇవాళ ఆదివారం, ఏడు కార్లు.
మలుపుకో నాలుగు పాత టైర్లు, అంచు వెంట సున్నం గీత,
గాలికి అప్పుడే సగం ఎగిరిపోయింది.

నాది పొదిలి డ్రైవింగ్ స్కూలు బండి.
ఎల్ బోర్డు పీకేశాను గానీ దాని జిగురు పోలేదు,
అక్షరం ఆకారంలోనే దుమ్ము అంటుకుంటోంది.
ఎడమ సీటు కింద ఇంకో బ్రేకు ఉంది.
ఆరేళ్ళుగా నా కాలు దాని మీదే.
ఇవాళ అటు ఎవరూ లేరు.
ఖాళీ సీటుకి బెల్టు పెట్టాను, ఎందుకో.

బయల్దేరే ముందు మాలకొండయ్య చెప్పాడు,
చీమకుర్తి రాయి ఇరవయ్యేళ్ళు మోసిన లారీ డ్రైవరు,
ఇప్పుడు బామ్మర్ది మారుతీ అరువు తెచ్చుకుని వస్తాడు:
"ముందున్నోడికి దారి ఎంచుకునే హక్కుంది.
ఎనకున్నోడికి కళ్ళున్నాయి.
నీ ముక్కు ఆడి తలుపు దాకా రాందే
ఆ సందు నీది గాదు. అంతే, పదండి."
ఖాజావలి నవ్వాడు.
"పందేనికొచ్చామా పెళ్ళికొచ్చామా పెదనాయనా?"
"పెళ్ళికైతే తోసుకోవచ్చురా, బంతి కాడ."

నాలుగో చుట్టు.
మాలకొండయ్య వెనక దుమ్ములో దూరితే
కారు ఉండదు, రెండు ఎర్రచుక్కలుంటాయి.
టైర్ల మలుపులో ఆయన కాస్త వెడల్పుగా పోయాడు.
లోపల సందు పడింది, తడిక తలుపంత.
నేననుకునేలోపే బండి దూకింది.
ముక్కు ఆయన వెనక చక్రం దాకా వచ్చింది.
అక్కడి దాకే.
ఆయన అద్దంలో దుమ్ము తప్ప నేను లేను.
లోపలికి తిరుగుతున్నాడు, హక్కున్నట్టే,
ఉంది గనక.

పోయినసారి ఇదే మలుపులో నేను ఆగలేదు.
ఆయన తలుపు మీద నా నీలం రంగు ఇంకా ఉంది,
జానెడు.
ఎవరూ మాటనలేదు. అదే పట్టుకుంది నన్ను.

తొక్కాను.
ఊచ ఒకటే కదా రెంటికీ,
ఎడమ సీటు కింద రెండో పెడలు కూడా
ఎవరో తొక్కినట్టు కిందికి దిగింది.
బండి అడ్డం తిరగబోయి సర్దుకుంది.
ఆ కాసేపట్లోనే ఖాజావలి
మా ఇద్దర్నీ బయటినుంచి చుట్టేసి పోయాడు,
శుభ్రంగా, చోటు వదిలి,
తిట్టుకోడానికి కూడా వీల్లేకుండా.

తిన్నటి దారిలో
ముందు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.
ఆ చెయ్యి నాకు తెలుసు.
రాత్రిళ్ళు రాయి బళ్ళ వెనక ఇరుక్కున్న వాళ్ళందరికీ తెలుసు.
మోచెయ్యి తలుపు మీద, అరచెయ్యి కిందికి,
కోడిపిల్లల్ని ముందుకు తోలినట్టు
పో, పో.
దాటాను. దాటేటప్పుడు హారన్ ఒక్కసారి, చిన్నగా.

గెలవలేదు.
మొదటివాడికి ఇంజనాయిలు డబ్బా,
రెండోవాళ్ళకి ఇక్కడ ఏమీ ఇవ్వరు.

కూలిన గోడ నీడలో మజ్జిగ తాగుతూ మాలకొండయ్య
నా వైపు చూడకుండానే అన్నాడు:
"ఆ మలుపులో నీ బండి కనపళ్ళా అమ్మాయ్.
నువ్వు ఆగింది ఇనపడింది."
ఇంకేమన్నా అంటాడేమోనని చూశాను.
జానెడు నీలం మరకని గోటితో గీకుతున్నాడు.
"పోదులే ఇది," అన్నాడు. "ఉండనీ."

సోమవారం. పొగాకు వేలం కేంద్రం దారి.
ఎల్ బోర్డు మళ్ళీ అంటించాను, కొంచెం వంకర.
నర్సు ఎస్తేరమ్మ స్టీరింగుని
చేప జారిపోతుందన్నట్టు పట్టుకుంది.
ముందు బేళ్ళ ట్రాక్టరు.
"దాటనా మేడం? దాటనా?"
నా కాలు దాని చోటుకి అది వెళ్ళింది.
"అద్దం చూశావా?"
"చూశా."
"ఆయన నిన్ను చూశాడా?"
ఎస్తేరమ్మ జవాబు చెప్పలేదు.
పొగాకు ఘాటు. ఒక మైలురాయి పోయింది. ఇంకోటి.
అప్పుడు బేళ్ళ పక్కనుంచి
ఆకు జిగురుకి నల్లబడ్డ ఒక చెయ్యి.

నా పాదం పెడలు మీంచి లేచింది.
పూర్తిగా కాదు.