కెటిల్ మూత

బెర్గెన్‌లో వాన పడని రోజు ఒక వార్త.
పడిన రోజు, అంటే దాదాపు రోజూ,
నాలుగో అంతస్తులో రాత్రి డ్యూటీ నాది.
లోకం పంపిన ఫోటోల్లోంచి
పొద్దుటి పేపరుకి ఆరు ఏరి పెట్టాలి.

చేరిన కొత్తలో
బురదలో దిగబడిన చిన్న చెప్పు ఫోటో చూసి
మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.
టోర్‌గేర్ వచ్చి పక్కన కూలబడ్డాడు.
తన రొట్టెలో సగం, గోధుమరంగు జున్నుముక్కతో సహా
నా చేతిలో పెట్టి
"వచ్చినన్నాళ్ళు ఏడువు రాగ్నా,
తర్వాత రమ్మన్నా రాదు" అన్నాడు.
బెదిరిస్తున్నాడనుకున్నాను.

పదమూడేళ్ళు.
ఇప్పుడు గంటకి నాలుగువందలు చూస్తాను.
రాళ్ళు ఏరే కంటికి
బియ్యం కనబడవు.
పొగని చూసి "బూడిదరంగు ఎక్కువైంది" అంటాను.
ఒక తల్లి నోరు తెరిచిన చోట
"ఇలాంటిది మంగళవారం వేశాంగా" అంటాను.
మోకాళ్ళ మీద పడినవాణ్ణి
రెండు కాలమ్‌లకి సరిపడా కత్తిరిస్తాను.
మోకాళ్ళు పోతాయి.
పోనీ.

బండబారిపోయానని కాదు.
పక్కింటి పిల్లి కుంటితే
ఇప్పటికీ నిద్ర పట్టదు నాకు.

మొన్న ఫిబ్రవరిలో ఓ రాత్రి
ఫోటో ఒకటి తెరుచుకోలేదు.
తెర మీద ఉత్త బూడిదరంగు చదరం,
కింద ఫోటోగ్రాఫరు రాసిన రెండు ముక్కలు:
'పేరు చెప్పని స్త్రీ. ఎడమచేతిలో కెటిల్, కుడిచేతిలో దాని మూత.
వీధి పేరు తెలియరాలేదు.'

మూత విడిగా ఎందుకు?
నీళ్ళు పడుతోందా, అప్పుడు?
అంత నడకలోనూ
ఆ రెంటినీ కలపాలని తోచలేదా?
కలిపితే ఒక చెయ్యి ఖాళీ అయ్యేది కదా,
ఆ ఖాళీ చేత్తో
ఎవర్ని పట్టుకునేది?

నాకు తెలీకుండానే నా చేతులు రెండూ
కీబోర్డు మీంచి లేచి
గాల్లో ఆగిపోయాయి, చెరోటీ పట్టుకున్నట్టు.
టోర్‌గేర్ ఉంటే చూసి ఏమనేవాడో.
రిటైరై, పడవకి రంగులేసుకుంటున్నాడు.

పదకొండు నిమిషాలకి తెరుచుకుంది ఫోటో.
బాగానే ఉంది. ఫోకస్ కుదిరింది.
కాస్త చీకటి, అంతే.
వెలుగు పెంచి
నాలుగో పేజీకి పంపేశాను.

తెల్లారి ఇంటికొచ్చి
కెటిల్‌లో నీళ్ళు పట్టబోయి
మూత ఎక్కడ పెట్టాలో తెలీక
అలాగే నిలబడ్డాను.
కొళాయి పోతూనే ఉంది.