లప్పం

మూడు రోజులైంది గీకవట్టి.
వాకిట్ల పాత చీర పరిచి
దానిమీద ఓదెమ్మ చిన్నమ్మ అద్దాల బల్లను
పక్కకు పండవెట్టిన,
సూదిమందుకు పిల్లను పండవెట్టినట్టు.
అద్దం ఊడదీసి గోడకు ఆనిచ్చిన.
అందుల జామకొమ్మ, కరెంటు తీగ,
అప్పుడప్పుడు నా మోకాలు.

పైన చాక్లెట్ రంగు.
లోపల బర్మా టేకని మా ఇంట్ల అందరికెరుకైన ముచ్చట.
కాజీపేట లోకోషెడ్డు దొర
బంగ్లా ఖాళీ చేసి పోంగ
రైల్వే దవాఖాన ఆయమ్మకు ఇచ్చిపోయిండట.
ఇంటికొచ్చినోళ్లంత
ఏలు మడిచి ఒక్కసారి కొట్టి చూసి
"టేకే" అన్నోళ్లే.
చిన్నమ్మ అవునన్లే, కాదన్లే.
చాయ్ పోసింది.

రేగుమాలు ముందుగాల నా ఏళ్ల గీతలను అరగదీసింది.
థిన్నర్ ఘాటుకు కండ్లల్ల నీళ్లు.
ఏడుస్తున్నవా అని గోడమీదికెల్లి సుగుణ అడిగితె
అవునంటె ఒడుస్తదని అవునన్న.

చాక్లెట్ కింద నీలం.
ఆ నీలం నాకెరుకే.
నేను నాలుగు చదివేటప్పుడు
సోమిడి ఇంటి తలుపులకు, కిటికీలకు,
మా మేక ఎడమ కొమ్ముకు గూడ అంటింది.
డబ్బా అడుగున మిగిలింది పారవోయబుద్ధిగాక
బల్లకేసుకున్నది.

నీలం కింద లేతాకుపచ్చ, కాన్పుల వార్డు గోడలది.
డెట్టాల్ వాసన వస్తదేమోనని
ముక్కు వెట్టి చూసిన.
రాలే.

ఆ పచ్చల, అద్దం చట్రం అంచుకు,
కందిగింజంత బుడిపె.
గోరుతోని లేపితె బొట్టుబిళ్ల.
మెరూన్ రంగు. కట్టెను ఇడువలే.
నైట్ డ్యూటీ దిగొచ్చి
మొఖం కడుక్కునేముందు తీసి అంటించినట్టున్నది.
కుంచె దానికాడ ఆగలే.
మీదికెల్లే పోయింది, మూడుసార్లు.

నాలుగోనాడు వడ్ల కొంరాచారి వచ్చిండు,
ఒక చెవుకు బీడీ, ఒక చెవుకు పెన్సిలు.
సొరుగు గుంజి బోర్లేసి, వాసన చూసి
నవ్విండు.

"టేకెక్కడిది చెల్లె?
సొరుగు మొఖాలు మామిడి.
పక్కలు ఏప.
ఎన్కపలక సామాను పెట్టె చెక్క.
కాళ్లు టేకే...
నాలుగింట్ల మూడు."

ఎన్కపలక మీద నల్లటి అచ్చు గుర్తు.
ఇది పైకి ఉండాలె అని చూపే బాణం.
ఎన్నేండ్లనుంచో
అది నేలదిక్కు చూపెడుతున్నది.

దొర లేడు, బంగ్లా లేదు.
షెడ్డు ఎన్క ఏరిన కట్టెలు, ఏ వడ్లాయన చెయ్యో.
"జోడు మాత్రం మంచిగ కూసవెట్టిండు,
ఒక్క మేకు లేదు" అని
కొంరాచారి అతుకుమీద బొటనేలు నడిపిచ్చిండు.
"దీనికి పాలిష్ తెచ్చినవా? పాలిషేస్తె
ఒక్కో కట్టె ఒక్కో కులమని చాటింపేసినట్టయితది.
రంగే ఎయ్యాలె."

పన్నెండు వందల లక్కపాలిష్ డబ్బా
మూత తీసినంక దుకాణపోడు వాపసు తీసుకోడు.
ఏం జెయ్యాలె, మంచం కోళ్లకు ఎయ్యాలె.

సుద్దపొడి పోసి, వార్నీషు పోసి
లప్పం కలిపిన, రొట్టెపిండి లెక్క.
మామిడికి ఏపకు నడుమ సందుల, ఏప దాటి టేకు అంచుల
కత్తితోని కూరంగ
ఆమె బొటనేలు గుర్తొకటి దొరికింది,
పాత లప్పంల, గట్టిపడి.
అతుకు ఎక్కడ తేలినా ఆమె కన్ను అక్కడికే పోయేది.
మాకు పండుగ సున్నాలని తెలుసు గని
ఎందుకు రంగేస్తదో తెల్వదు.

లేతాకుపచ్చ అడిగితె
స్టేషన్ రోడ్డు దుకాణపు పోరడు
"దవాఖాన రంగు ఎవలు కొంటరక్కా" అన్నడు.
ఒక లీటరు తెచ్చిన.

సొరుగులకు వేసిన. పక్కలకు వేసిన.
చట్రం కాడ, బిళ్ల కాడ
కుంచె ఆగింది.
ఆగి,
మీదికెల్లే పోయింది.

బొగ్గు గూడ్సు పోతాంది,
పచ్చటి తడిమీద సన్నటి నుసి వాలుతాంది.
పాసింజరుకు వచ్చిన చెల్లెను తోలుకొని సుగుణ వచ్చింది.
"ఇదేనా, ఆ బర్మా టేకుది?"
ఏలు మడిచి ముందుకు చాపింది.

ఆగు, అన్న.
ఇంకా తడి ఆరలే.